ఆ 0.38 గ్రూప్ మళ్లీ ఎందుకు రాలేదంటే

మీరు అడిగింది ఇదీ. కొత్తగా హ్యాండ్‌లోడింగ్, అంటే తూటాలు ఇంట్లో చేత్తో తయారుచేసుకోవడం, మొదలుపెట్టారు. (తూటా అంటే మొత్తం: ఇత్తడి కేసు, దాని అడుగున నిప్పు రాజేసే ప్రైమర్, లోపల పౌడర్, కొనకి బుల్లెట్.) రైఫిల్ 6.5 క్రీడ్‌మోర్ అనే రకం తూటాది, బోల్ట్ యాక్షన్, అంటే ప్రతి షాట్‌కీ చేత్తో బోల్ట్ లాగి మూసేది. 140 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బరువు కొలత) మ్యాచ్ బుల్లెట్లు, అంటే పోటీలకు వాడే రకం, ఒక డబ్బా, అంటే 100 కొన్నారు. మాన్యువల్లో ఇచ్చిన కనిష్ఠం దగ్గర మొదలుపెట్టి, పౌడర్ కొద్దికొద్దిగా పెంచుతూ 11 మెట్లు, మెట్టుకు 3 తూటాలు చేసి 100 గజాల్లో కాల్చారు. ఏడో మెట్టు 0.38 అంగుళాల గ్రూప్ ఇచ్చింది, అంటే కాగితం మీద అన్నిటికంటే దూరంగా పడిన రెండు రంధ్రాల మధ్య అంతే దూరం. లోడ్, అంటే పౌడర్, బుల్లెట్ల సరైన కలయిక, దొరికిందనుకున్నారు. వారం తర్వాత అదే లోడ్‌తో 5 కాలిస్తే 1.3 అంగుళాలు వచ్చింది. తప్పు ఎక్కడ జరిగింది, ఇంకా ఖరీదైన త్రాసు కొనాలా అన్నది మీ ప్రశ్న.

తప్పేమీ జరగలేదు. త్రాసు కొనకండి. రెండో వారం కనిపించిందే మీ రైఫిల్ అసలు లెక్క అని నా అంచనా. మొదటి వారం మీకు అదృష్టం కలిసొచ్చింది, అంతే. నేను టెక్సస్‌లో పద్దెనిమిదేళ్లుగా తూటాలు లోడ్ చేస్తున్నాను, క్లబ్ మ్యాచుల్లో 600, 1000 గజాలు కాలుస్తాను. మొదటి నాలుగేళ్లు నేనూ ఇలాంటి చిన్న గ్రూపుల వెంట పడి రెండు వేల బుల్లెట్ల దాకా తగలేశాను. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ముందు ఒక మాట, మీకు కాదు, ఇది చదివే మిగతావాళ్లకి. మీకు గ్రీన్‌కార్డ్ ఉందని రాశారు కాబట్టి సరే. హెచ్1బీ లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లకి అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ, తూటా దగ్గర ఉంచుకోవడమే నేరం. హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. పైగా ఆ చట్టంలో 'అమ్యూనిషన్' అంటే తయారైన తూటా ఒక్కటే కాదు. ఖాళీ కేసు, ప్రైమర్, బుల్లెట్, పౌడర్ కూడా అందులోకే వస్తాయి. "నేను పౌడర్ డబ్బా ఒక్కటే కొన్నాను కదా" అంటే కుదరదు. ముందు లాయర్‌ని అడగండి. ఇండియాలో ఉన్నవాళ్లయితే దీని జోలికే పోకండి. లైసెన్స్ లేకుండా తూటాలు తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం. ఇంకోటి, రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాగును ఇండియా ప్రయాణానికి ఎప్పుడూ వాడకండి. లైనింగ్‌లో ఇరుక్కున్న ఒక్క తూటా చాలు, ఎయిర్‌పోర్టులో కేసు పెట్టడానికి.

ఇక గ్రూపు సంగతి. అష్టాచమ్మా ఆడారు కదా. పదకొండు మంది వరసగా గవ్వలు వేస్తే ఎవరో ఒకరికి అష్టా పడుతుంది. ఆ పిల్లాడి చేతిలో ఏదో గొప్పతనం ఉందనుకుని, వచ్చే వారం కూడా వాడే వేయాలంటే ఎలా ఉంటుంది? మీ ఏడో మెట్టు విషయంలో మీరు చేసింది అదే.

అంకెల్లో చూద్దాం. ఒక రైఫిల్ 3 షాట్ల గ్రూపులు సగటున 1 అంగుళం ఇస్తుందనుకోండి. లోడ్‌లో ఏ మార్పూ లేకుండా అదే రైఫిల్ 5 షాట్లకు సగటున 1.27, 10 షాట్లకు దాదాపు 1.6 ఇస్తుంది. షాట్లు పెరిగేకొద్దీ గ్రూప్ పెరగాల్సిందే, ఎందుకంటే మనం కొలిచేది అన్నిటికంటే దూరంగా పడిన రెండు రంధ్రాల మధ్య దూరం. పైగా 3 షాట్ల గ్రూప్ సగటు చుట్టూ విపరీతంగా ఊగుతుంది. అదే లోడ్ ఒకసారి 0.6 ఇస్తుంది, ఇంకోసారి 1.4 ఇస్తుంది. అలాంటివి 11 గ్రూపులు కాల్చి అన్నిటికంటే చిన్నదాన్ని ఏరితే అది 0.4 దగ్గర ఉండటంలో వింతేమీ లేదు. మీకు 0.38 వచ్చింది. మళ్లీ 5 కాలిస్తే 1.27 దగ్గర రావాలి. మీకు 1.3 వచ్చింది. పాఠ్యపుస్తకంలో లెక్కలాగా ఉంది మీ కథ.

అంటే ఆ 11 మెట్లలో ఏది మంచిదో ఆ కాగితం చెప్పలేదు. మీరు అడిగింది దానికి వినపడలేదు అనుకోండి. నిజంగా ఒక లోడ్ ఇంకోదానికంటే మెరుగో కాదో తెలియాలంటే ఒక్కోదానికి కనీసం 10, వీలైతే 20 షాట్లు కావాలి. ఒకే రోజు కాల్చనక్కర్లేదు. నేను టార్గెట్ కాగితాన్ని చుట్టి ఇంటికి తెచ్చుకుని, మరుసటి వారం మళ్లీ అదే కాగితం తగిలించి, అదే చుక్కకి గురిపెట్టి కాలుస్తాను. రెండు రోజుల గాలి, రెండు రోజుల మూడ్, అన్నీ ఆ కాగితం మీదికి ఎక్కుతాయి. అది మీ అసలు రైఫిల్. చూడటానికి అందంగా ఉండదు, వాట్సాప్‌లో పెట్టుకోలేం.

బుల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ అంకెలకీ ఇదే జబ్బు. 5 షాట్లకు వేగం ఎస్‌డీ (స్టాండర్డ్ డీవియేషన్, వేగాలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే అంకె) 8 వచ్చిందని మురిసిపోతుంటారు. 5 షాట్ల నమూనాలో 8 కనిపిస్తే అసలు ఎస్‌డీ 5 నుంచి 23 వరకు ఎక్కడైనా ఉండొచ్చు. ఆ వెడల్పు చూశారా? ఇక మెట్టుకు ఒక్కో తూటా కాల్చి, వేగం పెరగకుండా ఆగినట్టు కనిపించిన చోట "ఫ్లాట్ స్పాట్" అని పేరు పెట్టి, అదే మంచి లోడ్ అనేవాళ్లున్నారు. అదే పరీక్ష మరుసటి రోజు చేస్తే ఆ స్పాట్ ఇంకో చోటికి వెళ్లి కూర్చుంటుంది. నేను మూడుసార్లు చేసి చూశాను, మూడుసార్లూ మూడు చోట్ల.

త్రాసు గురించి. మా తాత బంగారం పని చేసేవారు. చిన్న త్రాసులో గురివింద గింజలు వేసి తూచేవారు. తూచేటప్పుడు మమ్మల్ని గదిలో పరిగెత్తనిచ్చేవారు కాదు, గాలికి తట్ట కదులుతుందని. ఒక గ్రెయిన్ అంటే దాదాపు 65 మిల్లీగ్రాములు, అంటే గురివింద గింజ బరువులో ఇంచుమించు సగం. మీ దగ్గరున్న మామూలు డిజిటల్ త్రాసు అందులో పదో వంతు వరకు చూపిస్తుంది. అది చాలదా అంటే, లెక్క వేద్దాం. మీ తూటాలో 0.1 గ్రెయిన్ పౌడర్ తేడా వస్తే వేగం సెకనుకు సుమారు 5, 6 అడుగులు మారుతుంది. 100 గజాల్లో దానివల్ల బుల్లెట్ పడే చోటు అంగుళంలో వందో వంతు కిందకో పైకో జరుగుతుంది. రెండు మూడు కాగితాల మందం. మీ 1.3 అంగుళాల గ్రూప్‌లో అది ఎక్కడ కనిపిస్తుంది? 1000 గజాల్లో కథ వేరు. అక్కడ సెకనుకు 10 అడుగుల తేడా దాదాపు 3 అంగుళాలు. ఎఫ్‌క్లాస్ అనే దూరపు పోటీల టార్గెట్ మీద 10 పాయింట్ల వలయం 10 అంగుళాలే, మధ్యలో ఎక్స్ వలయం 5 అంగుళాలే. అక్కడికి చేరాక పౌడర్‌ను పలుకు పలుకుగా లెక్కపెట్టే త్రాసు కొనండి. అప్పటిదాకా ఉన్న త్రాసునే ఏసీ గాలి తగలని చోట పెట్టి, వేడెక్కడానికి అరగంట ఇచ్చి, పది కేసులకోసారి చెక్ వెయిట్ (బరువు ముందే తెలిసిన తూకపు రాయి) పెట్టి చూసుకుంటే సరిపోతుంది. తాత చెప్పింది కూడా అదే కదా.

మరి గ్రూప్ తగ్గాలంటే? నా అనుభవంలో ముందు బ్యారెల్, తర్వాత బుల్లెట్. ఈ రెండిటి తర్వాత చాలా దూరంలో మిగతావన్నీ. బ్యారెల్ మీ చేతిలో లేదు, బుల్లెట్ ఉంది. రెండు కంపెనీల మ్యాచ్ బుల్లెట్లు పక్కపక్కన పరీక్షిస్తే వచ్చే తేడా, ఒకే బుల్లెట్‌తో పౌడర్‌ను అటూ ఇటూ కదిపితే వచ్చే తేడా కంటే తరచూ పెద్దది. కాబట్టి ఒక బుల్లెట్ నచ్చకపోతే దాన్ని బతిమాలుకుంటూ కూర్చోకండి. సియెరా నచ్చకపోతే హార్నడీ, అదీ కాకపోతే బర్జర్. పౌడర్‌కి మీ కాలిబర్‌లో జనం ఎక్కువగా వాడేదే తీసుకోండి. హెచ్4350 అనే పౌడర్‌కి అంత పేరు రావడానికి కారణం ఎండకీ చలికీ దాని వేగం పెద్దగా మారకపోవడం. టెక్సస్‌లో అది చిన్న విషయం కాదు. జనవరిలో నెమ్మదిగా ఉన్న లోడ్ ఆగస్టు ఎండలో, కారు డిక్కీలో మూడు గంటలు ఉన్నాక, అదే ప్రెషర్ ఇవ్వదు.

దానికంటే ముందు ఇంకోటి. రైఫిల్ బిగుతుగా ఉందా? నవ్వకండి. నేను ఒక సీజన్ మొత్తం లోడ్ బాగోలేదని మార్చుతూ పోయాను. చివరికి చూస్తే స్కోప్ బేస్‌లో ఒక స్క్రూ వేలితో తిరుగుతోంది. టార్క్ రెంచ్ (ఎంత బిగించామో అంకెలో చూపే పానా) తెచ్చి యాక్షన్ స్క్రూలు (రైఫిల్ ఇనుప భాగాన్ని స్టాక్‌కి, అంటే పట్టుకునే పిడి భాగానికి, బిగించేవి), స్కోప్ రింగులు తయారీదారు చెప్పిన అంకెకి బిగించండి. బ్యారెల్ స్టాక్‌కి ఎక్కడైనా తగులుతోందేమో కాగితం దూర్చి చూడండి. తర్వాత మంచి ఫ్యాక్టరీ మ్యాచ్ తూటాలు ఒక డబ్బా, 20, ఒకే చుక్క మీద కాల్చండి. అది మీ కొలబద్ద. చేత్తో చేసిన తూటా దీన్ని దాటకపోతే మీరు సరదాకి లోడ్ చేస్తున్నట్టు, అదీ తప్పు కాదు.

కేసు సైజింగ్ దగ్గర కొంచెం ఆగుతాను, ఎందుకంటే మీరు బోల్ట్ గట్టిగా మూసుకుంటోందని మధ్యలో ఒక ముక్క రాసి వదిలేశారు. అది వదిలేసే విషయం కాదు. కాల్చిన కేసు మీ ఛాంబర్ (బ్యారెల్‌లో తూటా కూర్చునే చోటు) ఆకారానికి సాగుతుంది. మళ్లీ వాడేముందు దాన్ని ప్రెస్‌తో డై అనే అచ్చులోకి నొక్కితే, ఆ డై కేసు భుజాన్ని (మెడ కింద వాలుగా ఉండే భాగం) వెనక్కి నెడుతుంది. ఎంత నెట్టాలి? అంగుళంలో వెయ్యింట రెండు వంతులు. డై పెట్టెలోని కాగితం "షెల్‌హోల్డర్‌కి (కేసు అడుగును పట్టుకునే ముక్క) తగిలేదాకా దించి ఇంకొంచెం తిప్పు" అంటుంది. ఆ "కొంచెం" ఒక్కో ప్రెస్‌లో ఒక్కోలా పనిచేస్తుంది. తక్కువ నెడితే బోల్ట్ బిగుస్తుంది. ఎక్కువ నెడితే కేసు అడుగున సాగి సాగి, కొన్నిసార్లు కాల్చాక అక్కడే తెగుతుంది. కంపారేటర్ అనే చిన్న ముక్క కొనండి, క్యాలిపర్‌కి తగిలించేది. పాత ప్రైమర్ తీసేసి, కాల్చిన కేసు కొలవండి. ఒక అంకె వస్తుంది. సైజ్ చేసి మళ్లీ కొలవండి. 0.002 తగ్గేదాకా డైని గడియారం ముల్లు ఒక్క నిమిషం కదిలినంత చొప్పున తిప్పండి. ఐదు కేసులు కొలిచాకే లాక్ రింగ్ బిగించండి, ఒక్కదాన్ని నమ్మకండి. కేసు పొడవు కూడా చూడండి. 6.5 క్రీడ్‌మోర్‌కి గరిష్ఠం 1.920 అంగుళాలు, దాటితే 1.910కి కత్తిరించండి. పొడవు పెరిగిన మెడ ఛాంబర్ చివర ఇరుక్కుంటే బుల్లెట్ వదలదు, ప్రెషర్ ఎగిరిపోతుంది. కేసుకి పూసే లూబ్ (జారుడు నూనె) మర్చిపోతే కేసు డైలో ఇరుక్కుంటుంది. అది ఎలాగూ ఒకసారి జరుగుతుంది, దాన్ని బయటికి లాగే స్టక్ కేస్ రిమూవర్ ముందే కొని పెట్టుకోండి.

పౌడర్ అంకె మీరు అడిగారు, నేను ఇవ్వను. దాచుకోవడానికి కాదు. నా ఛాంబర్, నా కేసు, నా పౌడర్ లాట్‌కి (తయారైన బ్యాచ్‌కి) సరిపడే అంకె మీ రైఫిల్‌లో గరిష్ఠం దాటొచ్చు. బుల్లెట్ కంపెనీ మాన్యువల్ ఒకటి, పౌడర్ కంపెనీ డేటా ఒకటి, రెండూ పక్కన పెట్టుకోండి. ఎవరి కనిష్ఠం తక్కువో అక్కడ మొదలుపెట్టండి. హెచ్4350, ఐఎమ్ఆర్4350 వేరువేరు పౌడర్లు, అంకె ఒకటే అయినా డేటా ఒకటి కాదు. బల్ల మీద ఎప్పుడూ ఒక్క పౌడర్ డబ్బానే ఉండాలి. ఈ తూటాకి గరిష్ఠ ప్రెషర్ 62,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లు అని). ఇంట్లో ప్రెషర్ కుక్కర్ విజిల్ వేసేది 15 దగ్గర. నాలుగు వేల రెట్లకు పైన, మీ చెంపకి అరచెయ్యంత దూరంలో. ప్రైమర్ చదునుగా అవడం, బోల్ట్ ఎత్తడానికి బరువవడం, కేసు అడుగున ఎజెక్టర్ (ఖాళీ కేసును బయటికి తోసే పిన్ను) గుర్తు పడటం, వీటిలో ఏది కనిపించినా ఆపేయండి. ఇవి కనిపించేసరికే చాలాసార్లు గరిష్ఠం దాటిపోయి ఉంటాం. ఏమీ కనిపించలేదని పుస్తకం దాటి పోకండి. పౌడర్ లాట్ గానీ, బుల్లెట్ గానీ, ప్రైమర్ గానీ మారితే మళ్లీ కిందికి దిగి రండి.

నా అనుభవం ఒకటి. ఏడేళ్ల కింద ఒక రాత్రి 50 కేసుల్లో పౌడర్ పోస్తున్నాను. ఇండియా నుంచి అమ్మ ఫోన్. అక్కడ పొద్దున కదా, అమ్మ తీరికగా మాట్లాడుతుంది. నలభై నిమిషాల తర్వాత వచ్చి, ఎక్కడ ఆపానో గుర్తుందనుకుని, తర్వాతి కేసు నుంచి పోసి అన్నిటికీ బుల్లెట్లు దిగ్గొట్టేశాను. శనివారం రేంజ్‌లో పన్నెండో తూటాకి "తుస్" అంది, రైఫిల్ కదల్లేదు. నేను బోల్ట్ తీసి ఇంకోటి పెట్టబోయాను. పక్క బెంచీ పెద్దాయన నా చెయ్యి పట్టుకున్నాడు. చూస్తే ఆ కేసులో పౌడర్ లేదు. ప్రైమర్ ఒక్కటే పేలి బుల్లెట్‌ని బ్యారెల్‌లోకి అంగుళమంత నెట్టి వదిలేసింది. దాని వెనక ఇంకో తూటా పేలి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడం నాకిష్టం లేదు. ఆ రోజు నుంచి బుల్లెట్ పెట్టేముందు ట్రేలోని యాభై కేసుల్లోకీ టార్చ్ వేసి చూస్తాను, అన్నిట్లో మట్టం ఒకేలా ఉందా అని. ఫోన్ వంటింట్లో ఉంటుంది. అమ్మకి కూడా చెప్పాను, "లోడింగ్ రోజు నేను ఎత్తను" అని. అదేదో ఆఫీసు పని అనుకుంటోంది.

ఇంట్లో పిల్లలున్నారని రాశారు కాబట్టి ఇది కూడా. కాల్చిన కేసుల మసిలో సీసం ఉంటుంది. కేసులు శుభ్రం చేసే టంబ్లర్‌లో తిప్పితే వచ్చే దుమ్ములోనూ ఉంటుంది. గరాజ్‌లో, తలుపు తెరిచి చేయండి, లోపలికి వచ్చేముందు సబ్బుతో చేతులు కడగండి, ఆ బల్ల దగ్గర టీ, మిక్స్చర్ వద్దు. వంటింటి జల్లెడ అరువు తీసుకుని కేసులు జల్లించినవాళ్లు నాకు తెలుసు, మీరు ఆ పని చేయకండి. పౌడర్, ప్రైమర్లు వచ్చిన డబ్బాల్లోనే ఉంచి తాళం వేయండి.

సీటింగ్ డెప్త్, అంటే బుల్లెట్‌ని కేసులోకి ఎంత లోతుకి దించాలన్న దాని గురించి రకరకాల మాటలు వింటారు. బుల్లెట్ రైఫ్లింగ్‌కి (బ్యారెల్ లోపల మెలికలు తిరిగిన గాడులు) ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిదన్నది పాత మాట. ఇప్పటి మ్యాచ్ బుల్లెట్లు చాలావరకు దూరం నుంచి దూకినా బాగానే వెళ్తాయి. రైఫ్లింగ్‌కి ఆనించి పెడితే ప్రెషర్ పెరుగుతుంది, తూటా వెనక్కి తీసేటప్పుడు బుల్లెట్ బ్యారెల్‌లోనే ఉండిపోయి పౌడర్ యాక్షన్ (బోల్ట్ కదిలే భాగం) నిండా ఒలికిపోతుంది. కొత్తలో ఆ తలనొప్పి మీకెందుకు? మాగజైన్‌లో (రైఫిల్‌లో తూటాలు పెట్టే పెట్టె) పట్టే పొడవు లోపలే ఉండండి.

మీ దగ్గర 100లో 33, మళ్లీ 5 పోగా ఇంకా 62 బుల్లెట్లు ఉండాలి. వాటితో ఇలా చేయండి. మీ 11 మెట్లలో ప్రెషర్ గుర్తులేవీ కనిపించని, మాన్యువల్ గరిష్ఠానికి బాగా కిందున్న మధ్య మెట్టు ఒకటి ఎంచుకోండి. అది ఏడోది కానక్కర్లేదు. ఇక ఆ తూకం మార్చకండి. మాన్యువల్ చెప్పిన పొడవులో 20 తూటాలు చేయండి. బుల్లెట్ 0.020 అంగుళాలు ఇంకా లోపలికి దిగేలా 20, 0.040 దిగేలా 20. బుల్లెట్ లోపలికి దిగితే పౌడర్‌కి చోటు తగ్గుతుంది, ప్రెషర్ మారుతుంది, అందుకే గరిష్ఠానికి దూరంగా ఉండమన్నాను. ఒక్కో రకం ఒక్కో చుక్క మీద, రెండు శనివారాల్లో పది చొప్పున. వంతులవారీగా కాల్చండి, ఒకటి మొత్తం అయ్యాక ఇంకోటి కాదు, లేదంటే మూడో రకానికి మీ భుజం, బ్యారెల్ రెండూ అలిసిపోతాయి. మిగిలిన రెండు బుల్లెట్లతో చేసిన తూటాలు, చల్లటి శుభ్రమైన బ్యారెల్‌కి మొదటి షాట్లుగా, రోజుకొకటి, మట్టిగట్టు మీదికి. మూడు కాగితాలూ దాదాపు ఒకేలా కనిపిస్తే మాన్యువల్ పొడవే ఉంచేసి వేరే బుల్లెట్ డబ్బా కొనండి. ఆ మూడు కాగితాల ఫోటోలు నాకు చూపించండి, ఒక్క షాట్ కూడా "అది నా పొరపాటు" అని తీసేయకుండా.